లెక్కలు సదివితే ఏటొస్తాది?

(మన సంఘం ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదో తరగతి తర్వాత ఏం చదవాలో చెప్పమని సంఘంవారు మమ్మల్ని పిలిచారు. ఏటా ఈ వేదిక మీద ఎవరో ఒకరం ఈ మాట చెబుతూనే ఉన్నాం. నర్సింగు, టీచరు ట్రైనింగు, పాలిటెక్నిక్, పోలీసు ఉద్యోగం మీకు తెలిసినవే. ఈసారి ఇక్కడ ఎవరూ చెప్పని ఒక చదువు గురించి చెబుతాం. దాని పేరు క్రిప్టోగ్రఫీ. తెలుగులో గుప్తలేఖన శాస్త్రం అనుకుందాం. పంపినవారికీ అందుకోవలసినవారికీ తప్ప మధ్యలో ఇంకెవరికీ కబురు అర్థం కాకుండా, దాన్ని ఎవరూ మార్చకుండా కాపాడే విద్య అది.

హాస్టల్ వార్డెన్‌కి ఈ విషయం ఎందుకని మీకు అనిపించవచ్చు. మాకు దీన్ని మొదట నేర్పింది మా హాస్టల్ పిల్లే.

ఒక పుష్కరం కిందటి మాట. రాత్రి స్టడీ అవర్‌లో తొమ్మిదో తరగతి పిల్లల మధ్య చేతులు మారుతున్న చీటీ ఒకటి మాకు దొరికింది. చీటీ నిండా అంకెలే. లెక్క కాబోలని వదిలేసేవాళ్లమే. కానీ అంకెలకు కొమ్ములున్నాయి, గుడులున్నాయి, దీర్ఘాలున్నాయి. 41కి దీర్ఘం ఏమిటి, 55కి కొమ్ము ఏమిటి? ఆ రాత్రి మేమూ, మా లెక్కల మాస్టారూ లాంతరు దగ్గర కూర్చున్నాం. ఎన్నిసార్లు చూసినా మొదటి అంకె 7 దాటలేదు, రెండో అంకె 5 దాటలేదు. అప్పుడు మాస్టారికి తట్టింది. ఒకటో తరగతి గోడ మీద వేలాడే అక్షరాల పట్టికలో క వరుస ఒకటి, చ వరుస రెండు, ట మూడు, త నాలుగు, ప ఐదు. 41 అంటే నాలుగో వరుసలో మొదటి అక్షరం, త. 55 అంటే మ. గుణింతం గుర్తులు మాత్రం ఆ పిల్ల తీసుకెళ్లి అంకెల నెత్తిన పెట్టింది.

అక్షరాలన్నీ విడిపోయాయి. చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. అది సవర భాష. మేము జాతాపులం, మా ఇళ్లలో తెలుగే. మాస్టారు కిందనుంచి వచ్చిన మనిషి. చివరికి వంట చేసే అక్కను లేపి, ఒక్కో మాటా చదివి వినిపించాం. ఆమె విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "ఆదివారం మా అయ్య వస్తాడు. నన్ను తీసుకుపోతాడు, మళ్లీ పంపడు. నీ లెక్కల పుస్తకం నీ పెట్టెలో పెట్టేశాను. ఎవరికీ చెప్పకు." చీటీలో ఉన్నది అంతే.

తిట్టడానికని చీటీ విప్పినవాళ్లం తిట్టలేకపోయాం.

ఆదివారం ఆ అయ్య వచ్చాడు. ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు, పోడు పని. ఆయన చెడ్డవాడేమీ కాదు. మేము ఆ పిల్ల లెక్కల తెలివి గురించి చెప్పాం. ఆయన నేల చూపులు చూస్తూ అడిగాడు, "లెక్కలు సదివితే ఏటొస్తాది మేడమ్?" మాకు సరైన జవాబు తోచలేదు. పదో తరగతి దాకా ఉంచండి, తర్వాత ఏదో ఒక ఉద్యోగం మేము చూపిస్తామన్నాం. మా మాట మీద ఉంచాడు.

పదో తరగతిలో మా హాస్టల్ మొత్తానికి లెక్కల్లో ఎక్కువ మార్కులు ఆ పిల్లకే వచ్చాయి. గ్రూపు ఎంచుకునే రోజున మేమేం చేశామో చెప్పాలి. ఎం.పి.సి. ఉన్న కాలేజీ దూరం. దగ్గరి కాలేజీలో బై.పి.సి. ఉంది. ఆడపిల్ల కదా, నర్సింగైతే తొందరగా జీతం వస్తుంది, వాళ్ల అయ్యకు ఇచ్చిన మాట నిలుస్తుంది అనుకున్నాం. దరఖాస్తులో బై.పి.సి. ఎదురుగా టిక్కు పెట్టింది మా చెయ్యి. ఆ పిల్లను అడగలేదు.

ఈరోజు ఆమె స్టాఫ్ నర్సు. ఇల్లు నిలబెట్టింది, తమ్ముళ్లను చదివిస్తోంది. ఆమె చేసే పని చిన్నదని మేము అనడం లేదు, అనకూడదు. కిందటేడు మా హాస్టల్‌కు వైద్య శిబిరానికి వచ్చింది. బోర్డు మీద పిల్లలు చేసి వదిలేసిన లెక్క చూసి, సుద్దముక్క తీసుకుని పూర్తి చేసింది. వెళ్లేటప్పుడు అడిగింది, "మేడమ్, నాచేత లెక్కలు ఎందుకు మాన్పించారు?" తండ్రి అడిగినప్పుడు జవాబు లేదు. కూతురు అడిగినప్పుడూ లేదు. ఆనాటి నుంచి పుస్తకాలు తిరగేసి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నదే ఈరోజు మీ ముందు పెడుతున్నాం.

ఆ పిల్ల చీటీలో చేసిన పనిని రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం చేసింది. అమెరికాలో నవాహో అనే ఆదివాసీలున్నారు. 1942లో అక్కడి మెరైన్ దళం 29 మంది నవాహో యువకులను చేర్చుకుని, వాళ్ల భాషలో ఒక రహస్య సంకేతం తయారు చేయించింది. యుద్ధ ట్యాంకుకు తాబేలు, జలాంతర్గామికి ఇనుప చేప, ఫైటర్ విమానానికి తేనెపిట్ట లాంటి ఒక చిన్న పిట్ట పేరు, చేతిబాంబుకు బంగాళాదుంప. అంటే పైన సంకేతం, కింద భాష, రెండు పొరలు. నవాహో భాష వచ్చినవాడికి కూడా ఈ పదాల గుట్టు నేర్పకపోతే కబురు అర్థం కాదు. జపాను సైన్యం ఆ సంకేతాన్ని ఛేదించలేకపోయింది. 1968 దాకా దాన్ని రహస్యంగానే ఉంచారు. 2001లో ఆ 29 మందికి అమెరికా చట్టసభ బంగారు పతకాలు ఇచ్చింది. అప్పటికి వాళ్లలో చాలామంది లేరు.

ఇందులో హాస్టల్ వార్డెన్లం సిగ్గుపడవలసిన సంగతి ఒకటుంది. ఆ నవాహో పిల్లలను చిన్నప్పుడు ప్రభుత్వ హాస్టల్ బడుల్లో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. ఏ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నారో, ఆ భాషే ఆ దేశాన్ని కాపాడింది. మా హాస్టల్ గోడ మీద కూడా ఒకప్పుడు "తెలుగులోనే మాట్లాడవలెను" అని రాసి ఉండేది. సున్నం వేయించి చెరిపేశాం. ఒకప్పుడు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే పాఠాలు రాశారు. నిఘంటువు కూడా చేశారు. ఆయన పుట్టినరోజున ప్రతి బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆయన సవర సంగతి మాత్రం పిల్లలకు చెప్పడం మరిచిపోయాం.

మన భాష ఎవరికీ రాదు కదా, అదే మన రహస్యం అనుకుని కూర్చుంటే మాత్రం పొరపాటు. మా చీటీ రహస్యం ఎంతసేపు నిలిచింది? వంట అక్క నిద్రలేచే దాకా. భాష తెలిసిన మనిషి ఒక్కరు దొరికితే తాళం ఊడినట్టే. ఈ సంగతిని 1883లోనే కెర్క్‌హాఫ్స్ అనే భాషల అధ్యాపకుడు చెప్పాడు. తాళం ఎలా తయారైందో శత్రువుకు మొత్తం తెలిసిపోయినా, తాళంచెవి చేతిలో లేకపోతే తెరుచుకోకూడదు. ఆ లక్షణం ఉంటేనే అది మంచి తాళం. అలాంటి తాళం ఇప్పుడు లెక్కలతోనే తయారవుతోంది.

ఎలాగో మా పిల్లలకు చూపించాం, మీకూ చెబుతాం. సగం పిల్లలకు 53ను 59తో గుణించమన్నాం. ఒక నిమిషంలో 3127 అని చెప్పారు. మిగతా సగానికి 3127 ఇచ్చి, ఇది ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో కనుక్కోమన్నాం. 3తో భాగించారు, 7తో, 11తో, 13తో... స్టడీ అవర్ దాటిపోయింది. గుణించడం తేలిక, విడదీయడం కష్టం. రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ అనే ముగ్గురు 1977లో ఈ తేడా మీదనే ఒక తాళం కట్టారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్.ఎస్.ఎ. అంటారు. ఇప్పుడు దానిలో వాడే సంఖ్యలు ఆరు వందల అంకెలు దాటి ఉంటాయి. అంత సంఖ్యను విడదీయడం ఇప్పుడున్న కంప్యూటర్లకు సాధ్యం కాదు. దీని పునాది ఎక్కడుందో తెలుసా? మన పదో తరగతి లెక్కల పుస్తకం మొదటి పాఠంలో. వాస్తవ సంఖ్యలు, అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం, గ.సా.భా. "ఇవి ఎందుకు మేడమ్" అని పిల్లలు విసుక్కునే పాఠం అదే.

ఇంకో మాట. ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా అది ప్రధాన సంఖ్యో కాదో ఖచ్చితంగా, వేగంగా తేల్చే పద్ధతిని 2002లో కనుక్కున్నది మన దేశంలోనే, కాన్పూరు ఐ.ఐ.టి.లో. మణీంద్ర అగర్వాల్ అనే ఆచార్యుడు, ఆయన దగ్గర అప్పుడే బి.టెక్. ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ప్రపంచంలో ఎందరో వెతికినదాన్ని చదువుకునే పిల్లలు తేల్చారు.

ఈ విద్య మనకు దూరం కాదు. రేషను డిపో దగ్గర మీరు వేలు పెడతారు. ఆ వేలిముద్ర మిషను నుంచి బయలుదేరేటప్పుడే గుప్తలిపిలోకి మారాలి. ఫోనులో డబ్బు పంపినా, బ్యాంకు మిత్ర దగ్గర కూలి డబ్బు తీసుకున్నా దారిలో కాపలా కాసేది ఈ లెక్కలే. మన వేలిముద్ర ఎక్కడికి పోతోంది, దారిలో ఎవరు చూస్తున్నారు అని అడగడానికి మనలో ఒక్కరికైనా ఆ విద్య తెలిసి ఉండాలి. ఎంత గట్టి తాళమైనా తాళంచెవి మనమే ఇచ్చేస్తే ఆగదు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దని మేము మొత్తుకునేది అందుకే.

ఇక దారి సంగతి. అమ్మలూ అయ్యలూ, ఈ ముక్క మాత్రం జాగ్రత్తగా వినండి. పిల్లలు రాసుకోండి.

మొదటి మలుపు పదో తరగతి తర్వాత. ఇంటర్‌లో గణితం ఉండాలి. ఎం.పి.సి. అయితే అన్ని దారులూ తెరిచి ఉంటాయి. గణితం లేని గ్రూపులో చేరితే వెనక్కి రావడం చాలా కష్టం. మేము ఆ పిల్లకు మూసేసింది ఈ తలుపునే.

ఇంటర్ తర్వాత దారి మూడుగా చీలుతుంది. ఒకటి, బి.టెక్.లో కంప్యూటర్ సైన్స్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ. తాళాన్ని ప్రోగ్రాముగా రాసేవారు, చిప్పులో ఇమిడ్చేవారు ఇటునుంచి వస్తారు. రెండోది, మామూలు డిగ్రీలో గణితం, ఆ తర్వాత ఎం.ఎస్సీ. కొత్త తాళాలు కనిపెట్టేవారు, పాత తాళాల్లో లోపం పట్టేవారు ఎక్కువగా గణితం లోతుగా చదివినవారే. ఐ.ఐ.టి.ల్లో ఎం.ఎస్సీ. చేయాలంటే జామ్ అనే పరీక్ష రాయాలి. డిగ్రీ కాలేజీలో చదివితే తక్కువ అనుకోకండి. మూడోది మన ప్రాంతంలో చాలామందికి తెలియని దారి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.స్టాట్., అదే సంస్థకు చెందిన బెంగళూరు కేంద్రంలో బి.మ్యాథ్. ఉన్నాయి. ప్రవేశ పరీక్ష కఠినంగా ఉంటుంది, బట్టీ పనికిరాదు. ఈ రెండు కోర్సులకు ట్యూషన్ ఫీజు లేకుండా, నెలనెలా స్టయిపెండ్ ఇచ్చి చదివించడం ఆ సంస్థ పద్ధతి. నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు ముందు ఆ ఏడాది ప్రాస్పెక్టస్ తప్పక చూడండి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి చదివే డిగ్రీ ఉంది.

మూడు దారులూ మళ్లీ ఒకచోట కలుస్తాయి. కోల్‌కతా సంస్థలో క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీ అనే పేరుతోనే ఎం.టెక్. ఉంది. ఇంజినీరింగ్ వైపు నుంచీ, గణితం పీజీ వైపు నుంచీ దానిలో చేరవచ్చు. గేట్ రాసి వేరే సంస్థల్లో సమాచార భద్రత ఎం.టెక్. చేయవచ్చు. హైదరాబాదులో రిజర్వ్ బ్యాంకు 1996లో స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. బ్యాంకుల సాంకేతికత మీద పనిచేస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో సి.ఆర్. రావుగారి పేరిట ఉన్న సంస్థలో క్రిప్టాలజీ పరిశోధన జరిగింది. ఆ సి.ఆర్. రావుగారు ఎవరో కాదు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, అక్కడినుంచి కోల్‌కతా వెళ్లి, ప్రపంచం గుర్తించిన గణాంక శాస్త్రవేత్త అయిన మనిషి. శ్రీకాకుళం రోడ్డు స్టేషను మీదుగా పోయే హౌరా రైలు మన పిల్లలనూ ఎక్కించుకుంటుంది.

ఉద్యోగాలు ఎక్కడ? రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ.లో ఇదే పనికి ఢిల్లీలో ఒక ప్రయోగశాల ఉంది. చెన్నైలో సెట్స్ అనే సంస్థ ఉంది. సి-డాక్, బ్యాంకులు, చెల్లింపుల కంపెనీలు, టెలికాం, చిప్పుల కంపెనీలు, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఈ పని అయిపోయేదీ కాదు. క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఆర్.ఎస్.ఎ. తాళం తెరుచుకుపోతుందని 1994లోనే పీటర్ షోర్ చూపించాడు. దానికి తట్టుకునే కొత్త తాళాలకు 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ముద్ర వేసింది. ప్రపంచంలోని పాత తాళాలన్నీ మార్చాలి. అది ఏళ్ల తరబడి సాగే పని. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలకు కూడా మిగిలి ఉంటుంది.

డబ్బు సంగతి. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ జాతీయ ఫెలోషిప్పులున్నాయి, ఏటా 750. సీటు వచ్చాక కుల ధ్రువపత్రం కోసం తిరిగి తిరిగి గడువు దాటిపోయినవాళ్లను చూశాం. ఇంటర్ మొదటి ఏడాదిలోనే పత్రాలన్నీ తీసుకుని పెట్టెలో పెట్టుకోండి.

కష్టం కూడా చెప్పాలి. ఇది తొందరగా జీతం తెచ్చే దారి కాదు. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడో నాలుగో ఏళ్లు, పీజీ రెండేళ్లు. పరిశోధన అయితే ఇంకో నాలుగైదేళ్లు. ఇంగ్లీషులో చదవాలి. మొదటి ఏడాది మన పిల్లలకు ఏడుపు వస్తుంది. లెక్క రాక కాదు, లెక్క అడిగిన భాష అర్థం కాక. అందుకని తొమ్మిదో తరగతి నుంచే లెక్కల మాటలు రెండు భాషల్లోనూ నేర్పాలి. మా హాస్టల్లో సవరతో కలిపి మూడు భాషల్లో చార్టు రాయిస్తున్నాం. సవర మాటలు చెప్పేది ఆ వంట అక్కే.

రెండు జాగ్రత్తలు. ఊళ్లలో "క్రిప్టో" అని చెప్పి డబ్బు కట్టించుకునేవాళ్లు తిరుగుతున్నారు. వాళ్లు చెప్పే నాణేలకూ, మేము చెప్పే చదువుకూ పేరులోనే పోలిక. ఒక్క రూపాయి కట్టకండి. అలాగే మూడు నెలల్లో సైబర్ నిపుణుడిని చేస్తామనే సర్టిఫికెట్లను నమ్మి డిగ్రీ మానుకోకండి. అవి డిగ్రీ పక్కన పనికొస్తాయి, డిగ్రీకి బదులుగా పనికిరావు.

లెక్కలు ఇష్టపడే పిల్లలంతా క్రిప్టోగ్రఫీలోకే పోవాలని మేము చెప్పడం లేదు. కొందరు మధ్యలో మాస్టార్లవుతారు, కొందరు బ్యాంకుకు పోతారు, కొందరు ప్రోగ్రాములు రాస్తారు. గణితం చేతిలో ఉన్నవాళ్లకు దారి మారినా అన్నం దొరుకుతుంది. నర్సింగు కావాలనే పిల్ల నర్సింగే చదవాలి. అడిగి రాయాలి, అంతే.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఒకరోజు మనమంతా కూర్చుందాం. పిల్ల, అమ్మ, అయ్య, లెక్కల మాస్టారు, వార్డెన్. దరఖాస్తు మీద గ్రూపు పేరు పిల్ల చేత్తోనే రాయిద్దాం. ఎం.పి.సి. కాలేజీ దూరమైతే, అక్కడి హాస్టల్లో సీటు కోసం ఐ.టి.డి.ఎ. గడప అందరం కలిసి తొక్కుదాం. ఆనాడు మేమొక్కరమే తొక్కలేక వెనక్కి తగ్గాం.

ఈ సభకు ఆ అయ్య కూడా వచ్చాడు. పేరు చెప్పం, చెబితే లేచి వెళ్లిపోతాడు. అయ్యా, ఆనాడు మీరడిగిన ప్రశ్నకు ఇంతకాలానికి జవాబు తెచ్చాం. ఆలస్యమైంది. మీ మనవరాలు ఈ ఏడు మా దగ్గర ఆరో తరగతిలో చేరింది. ఆ పిల్ల ఏ గ్రూపు చదవాలో మేము చెప్పం. అడుగుతాం.